సాఫ్ చేసిన పాట

"దొంగలు మీరు. నిండు పాటను తెచ్చి సగం మింగిన దొంగలు."

మూడో వరుస చివరి కుర్చీలోంచి లేచి మంగవ్వ అన్న ఆ మాట మైకు లేకుండానే పంజాగుట్ట హాలు మొత్తానికీ వినబడింది. తబలా ఆగింది. కీబోర్డు ఆగింది. చచ్చిపోయిన గాయకుడు దుర్గేష్ వేసుకునేలాంటి ఎర్ర శాలువా కప్పుకుని, దుర్గేష్ గొంతుతో పాడుతున్న రిజ్వాన్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

ఇంకెవరైనా అని ఉంటే అతను లెక్కచేసేవాడు కాదు. అన్నది మంగవ్వ. ఏడు నెలలుగా 'మళ్లీ దుర్గేష్' షో ఎప్పుడు పెట్టినా ఆమె వచ్చేది. అమీర్‌పేటలో హాస్టల్ మెస్సులో రొట్టెలు చేసే మనిషి. గోళ్ల సందుల్లో పిండి పోకముందే వచ్చి అదే కుర్చీలో కూర్చునేది. దుర్గేష్ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే ఆ వాన పాటలో, సరిగ్గా రెండో చరణం దగ్గర, ఆమె కొంగు కళ్ల మీదికి పోయేది. హాల్లో మూడొందల మంది ఏడవనీ, రిజ్వాన్‌కు కొలత మాత్రం ఆ కొంగే. అది లేచిందంటే ఆ రోజు దుర్గేష్ తనలోకి వచ్చినట్టే.

ఈ రోజు కొంగు లేవలేదు. మనిషే లేచింది.

"కూసో అమ్మా," అన్నాడు ట్రూపు నడిపే విజయేందర్ మైకులో. "పాట మొత్తం పాడుతున్నం. ఒక్క చరణం ఇడిసిపెట్టలే."

"ఇడిసిపెట్టిన్రు. పోయిన నెల దాంక ఉండె."

"పోయిన నెల దాంక లాప్‌టాప్‌ల ట్రాక్ పెట్టి పాడినం. ఇప్పుడు సూడు, ఆరుగురు వాయిస్తుండ్రు, నలుగురు కోరస్ పాడుతుండ్రు. అంతా లైవ్. మీకోసమే గింత తిప్పలు."

"గందుకే పాడయింది."

వెనక ఎవరో నవ్వారు. కళ్లు తుడుచుకుంటున్న ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. "ఏంటమ్మా నీ గొడవ? అంత ట్రాఫిక్‌లో పడి ఏడవడానికి వచ్చాం. మమ్మల్ని ఏడవనివ్వు. నచ్చకపోతే ఇంటికెళ్లి ఫోన్లో విను."

"ఫోన్ల లేదు సారూ. ఫోన్ల కంపినోళ్లు సాఫ్ జేసిన పాట ఉన్నది."

రిజ్వాన్ మెట్లు దిగాడు. ఆమె కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, కోపమైతే నన్ను తిట్టు. మళ్ల పాడుతా, నీకోసమే. జర మనసు పెట్టి విను."

పాడాడు. మైకు లేకుండా పాడాడు. ఇందాక విసుక్కున్న పెద్దమనిషి చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. మంగవ్వ మాత్రం అతని ముఖం చూడలేదు. అతని భుజం మీదుగా స్టేజీ మీదున్న కోరస్ నలుగురినే చూస్తోంది. రెండో చరణం దగ్గరపడింది. ఆమె ఊపిరి బిగబట్టింది. చెయ్యి కొంగును పట్టుకుంది. నలుగురూ ఒక్కసారే, కత్తితో కోసినంత సాపుగా అందుకున్నారు. చెయ్యి కొంగును వదిలేసింది.

అప్పుడు అర్థమైంది రిజ్వాన్‌కు. ఈమె తనను వినడం లేదు. ఇన్ని నెలల్లో ఒక్కనాడూ వినలేదు.

"ఏం తక్కువైందమ్మా?" ఈసారి గొంతు దుర్గేష్‌ది కాదు, అతనిదే.

"గా నలుగురు లేవకముందే ఒక్క గొంతు లేస్తుండె. 'ఓ' అని. ఒక్కటే."

విజయేందర్ బరువు దించుకున్నట్టు నవ్వాడు. "ఓ, గదేనా? అది తప్పమ్మా. పాత క్యాసెట్ల తప్పు. కోరస్‌ల ఎవడో తాళం తప్పి ముందే అందుకున్నడు. క్యాసెట్‌ల కెల్లి దుర్గేష్ గొంతు తీసేసి ట్రాక్ చేసుకున్నంగని, అది మాత్రం ఎంత గోకినా పోలే. షో షోకు పరువు పోతుండె. అది పోవాల్ననే గీ నలుగుర్ని తెచ్చినం."

"ఎవరు ఆ పాడినాయన?" అడిగాడు రిజ్వాన్.

"ఎవడికెరుక? అట్ట మీద 'బృందం' అని ఉన్నది. పేర్లు లేవు."

"జర ఆ ట్రాక్ పెట్టన్నా, ఒక్కసారి."

"ఏడికెల్లి పెట్టాలె? డిలీట్ చేసిన."

"పెన్‌డ్రైవ్‌ల?"

"అండ్ల సుత."

"క్యాసెట్?"

"రీలు తెగింది, చెత్తల పడేసినం. ఒక్క తప్పు కోసం గింత ఫికరెందుకు భాయ్?"

మంగవ్వ కూర్చుండిపోయింది. రిజ్వాన్ గొంతు సవరించుకుని 'ఓ' అన్నాడు. దుర్గేష్ పలికాడు. కళ్లు మూసుకుని మళ్లీ అన్నాడు. మళ్లీ దుర్గేష్. ఇరవై ఏళ్లు ఒక్కడి గొంతునే మేసిన గొంతు అది. ఇంకొకరిది తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తుంది? మూడోసారి నోరు తెరవబోయాడు.

"వద్దు బిడ్డా," అంది మంగవ్వ. అతని చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. "నువ్వు మంచిగనే పాడుతవు. దుర్గేష్‌ను మళ్ల తెచ్చెటందుకు నువ్వున్నవు, ఏడ్చెటందుకు గింత మంది ఉన్నరు."

తర్వాత స్టేజీ మీది నలుగురి వైపు వేలు చూపించింది.

"గా తప్పు పాడింది కాలం జేసిన నా పెనిమిటి కనకయ్య. మళ్ల షురూ చెయ్యిన్రి. ఈపారి మీల ఒకడు తప్పు పాడాలె."