సుమిత్ర సీటు

ఆఫీసు నుంచి వస్తూ ప్రకాశ్ రెజిమెంటల్ బజార్‌లో వేడి సమోసాలు తెచ్చాడు. పెళ్లయిన నెలలో ఇది తొమ్మిదో పొట్లం. నేను మురిసిపోయాను.

"ఇంకో ఖుషీ ముచ్చట. మా ఆఫీసుల నీకు సుత జాబొచ్చింది. సుమిత్ర మానేసింది గదా, ఆమె సీటు."

"మేనేజర్ చెయ్యి పట్టి గుంజిండని కంప్లైంట్ ఇచ్చిన సుమిత్రనా? నువ్వు చూసినన్నవ్ గదా!"

"చూసిన. కమిటీ అడిగితే చూడలేదని రాసిచ్చిన. ఆఫీసుల అందరం గట్లనే రాసినం. అందుకే సార్ నీకు జాబిచ్చిండు."

"రేపు నా చెయ్యి గుంజితే?"

"నీ జోలికెట్ల వస్తడే? నీ మొగుణ్ణి నేనక్కడ్నే ఉంట గదా!"

"సుమిత్ర మొగుడు సుత అక్కడ్నే ఉన్నడు గదా?"

ప్రకాశ్ చూపు తిప్పుకున్నాడు.

"ఆయన సుత చూడలేదనే రాసిండు."