విశేషమేమీ లేదు

ఈషా చేతిలో ఉన్నది కాఫీ కప్పే గానీ, అందులో ఉన్నవి వేణ్ణీళ్ళు. అందరూ కాఫీ తాగే వేళకి తనూ ఒక కప్పు పట్టుకు తిరిగితే ఎవరికీ అనుమానం రాదని ఆమె ఎత్తు. ఈమధ్య కాఫీ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పుతోంది. మూడో నెల.

జర్మనీలో, ఎర్లాంగెన్‌లోని ఆ ఆఫీసుది ఒకటే పని. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు విని, రిపోర్టులుగా టైపు చేయడం. ఈషా కిందామీదా పడి జర్మన్ నేర్చుకుని మరీ సంపాదించిన ఉద్యోగం. మొగుడు విక్రాంత్ ఇంకా యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఇంటి అద్దె దగ్గర్నుంచి బియ్యం దాకా ఆమె జీతం మీదే నడుస్తోంది.

ఆ మధ్య ఈ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ తనలో కలిపేసుకుంది. కేకు కోశారు. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదన్నారు. తిన్న కేకు అరిగిందో లేదో, టైపు చేసిన లైన్ల మీద ఇచ్చే బోనస్ కోసేశారు. తర్వాత, డాక్టర్ల మాటలు విని తనంతట తానే టైపు చేసే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ఇప్పుడు ఒక్కొక్కరినీ గదిలోకి పిలుస్తున్నారు.

ఇవాళ ఈషా వంతు.

పొద్దున్నే హైదరాబాద్ నుంచి అక్క శ్రావ్య ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆమెదీ ఇదే పని. అక్కడా ఇలాగే రెండు కంపెనీలు ఒకటయ్యాయి. నెల తప్పిందని శ్రావ్య టీమ్ లీడ్ చెవిన వేసిందో లేదో, పని సరిగా చేయడం లేదన్న పేరొచ్చింది. ఆ వారమే ఇంటికి పంపేశారు.

"నోరు తెరువకు ఈషా," అంది శ్రావ్య. "కడుపుతోటి ఉన్నవని తెలిస్తే ఫస్ట్ నిన్నే తీసేస్తరు. నా గతి చూసినవ్ కదా. అమ్మ కూడ మూడో నెల నిండేదాక ఎవ్వరికి చెప్పొద్దన్నది."

"నేనెందుకు చెప్తనక్కా? విక్రాంత్‌కి, మీకు తప్ప ఎవ్వరికి తెల్వదు."

కానీ ఒక మనిషితో ప్రమాదం ఉంది. శ్యామలాదేవి. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఆఫీసులో ఉద్యోగుల సంఘానికి ఎన్నికైంది. గదిలోకి పిలిచినవాళ్ళ పక్కన ఆవిడా కూర్చుంటుంది. పైగా ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి ఆవిడే అడ్మిన్. ఆవిడ చెవిన పడితే సాయంత్రానికి పక్కనున్న న్యూరెంబర్గ్ దాకా పాకుతుందని ఈషా భయం. అందుకే వారం నుంచీ ఆవిడ కంట పడకుండా తిరుగుతోంది.

ఇవాళ తప్పలేదు. గది బయటే పట్టుకుంది.

"నిన్ను లోపలికి పిలిచిన టెర్మిన్ ఇప్పుడేగా? ఏంటమ్మాయ్, మొహం అట్టా పీక్కుపోయింది? ఏమన్నా విశేషమా?"

పెళ్ళైన మర్నాటి నుంచీ ఈషా వింటున్న ప్రశ్నే. పిన్నుల నుంచీ అత్తల నుంచీ తప్పించుకుని ఇంత దూరం వచ్చినా, ఇదీ వెంటే వచ్చింది. ఒళ్ళు మండింది.

"ఏం లేదాంటీ. నిద్ర సరిపోలే," అని వేణ్ణీళ్ళని కాఫీలా చప్పరించింది.

"ఉంటే దాచమాక. నాతో చెప్పు."

"ఉంటే మీకు చెప్పకుంట ఉంటనా?" అని నవ్వి ఈషా తలుపు తోసింది.

లోపల హెచ్‌ఆర్ అధికారి కాగితాలు ముందుకు జరిపాడు. ఆమె చేస్తున్న పని కొత్త కంపెనీలో ఉండదన్నాడు. తన ఇష్టంతోనే వెళ్ళిపోతున్నట్టు సంతకం పెడితే మూడు నెలల జీతం, మంచి సర్టిఫికెట్ ఇస్తారు. ఇవాళే పెట్టాలి. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకునే వీల్లేదు. పెట్టకపోతే నోటీసు ఇంటికొస్తుంది, ఈ రెండూ ఉండవు.

"సంతకానికి ముందు ఆమె ఆరోగ్యం, ఇంటి పరిస్థితి కూడా అడగాలి కదా," అంది శ్యామలాదేవి జర్మన్‌లో.

ఈ ముసల్ది పసిగట్టేసింది. ఇతని ముందే బయటపెట్టేలా ఉంది.

"నాకేమీ లేదు. బాగానే ఉన్నాను," అంది ఈషా గబుక్కున.

శ్యామలాదేవి ఆమె వైపు వంగి తెలుగులోకి మారింది. "తొందరేం లేదమ్మాయ్. ఇంటికి తీసుకెళ్ళి చదువుకో. ఆయన అట్టాగే అంటాడు. ఇంకోసారి అడుగుతున్నా, విశేషమేం లేదుగా?"

హెచ్‌ఆర్ అధికారి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. అతని ముందున్న కప్పులోంచి కాఫీ వాసన గుప్పున కొట్టింది. ఈషాకి డోకొచ్చింది. ఇక్కడే వాంతి అయిందంటే అంతా తెల్లారినట్టే. పొట్ట కనపడకముందే ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. దానికి సర్టిఫికెట్ కావాలి.

"విశేషమేమీ లేదాంటీ," అని కలం అందుకుంది. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌కి పరుగెత్తింది.

మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి కాస్త ప్రాణం తెరిపిన పడింది. ఉద్యోగం పోయింది. కానీ గుట్టు బయటపడలేదు. అక్క అయితే ఈపాటికి మెచ్చుకునేది.

లిఫ్టు దగ్గర శ్యామలాదేవి నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే ఏదో పిచ్చి ఆశ పెట్టుకున్నాలే అమ్మాయ్," అంది. "కడుపుతో ఉన్న మనిషిని తీసేసే హక్కు ఈ దేశంలో ఏ కంపెనీకీ లేదు కదా, ఆ ఒక్క ముక్క నీ నోట వస్తే ఆ కాగితాలు అక్కడే చించేయిద్దామని పొద్దుట్నుంచీ నీ వెంట పడ్డా."