ఎర్ర బల్బు గది

"తలుపు ఎవరు తీశారు?"

ఫొటో టీచర్ కేకకి వీధిలో నడిచేవాళ్ళు కూడా ఆగిపోయారు.

ఫొటోలు కడిగే చీకటిగది తలుపు బార్లా తెరిచి ఉంది. ఎర్ర బల్బు ఒక్కటే వెలగాల్సిన గదిలోకి మిట్టమధ్యాహ్నపు ఎండ వచ్చిపడింది. ట్రేలోని మందునీళ్ళలో పదకొండు కాగితాలు ఆమె కళ్ళముందే బొగ్గులా నల్లబడిపోయాయి.

పదకొండు మంది పిల్లల పని అది. ఖాళీ డబ్బాలకి లోపల నల్లరంగు పూశారు. సూదిమొనతో చిల్లు పొడిచారు. ఆ చిల్లే కెమెరా కన్ను. ఎండలో డబ్బాని నిమిషాల తరబడి కదలకుండా పట్టుకుని తీసిన బొమ్మలు. ఆదివారమే ప్రదర్శన.

గుమ్మంలో టోపీ తాత నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా గొళ్ళెం మీదే ఉంది.

ఆయన పేరు పిల్లలకీ టీచర్‌కీ తెలియదు. రోజూ పదింటికల్లా వస్తాడు. మండుటెండలోనూ ఉన్ని టోపీ తీయడు. ఎదురరుగు మీద కూర్చుని పిల్లల్ని చూస్తుంటాడు. అడక్కుండానే సలహాలిస్తాడు.

"చిల్లు పెద్దదైంది బాబూ, బొమ్మ అలుక్కుపోతుంది."

నిజంగానే అలుక్కుపోయేది. అందుకే టీచర్‌కి ఇంకా ఒళ్ళు మండేది.

"నేనేనమ్మా తీసింది," అన్నాడు తాత. "లోపల ఏం చేస్తున్నారో చూద్దామని..."

"చూద్దామనా! 'తలుపు తీయరాదు' అని ఇంతింత అక్షరాలతో రాసి పెట్టాను, కనబడలేదా?"

"పొరపాటైందమ్మా."

"పొరపాటా? ఈ పిల్లల్ని ఒక్క గదిలో కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తెలుసా మీకు?"

ఆ కష్టం ఆ వీధిలో అందరికీ తెలుసు. కాలువకి ఇటు అపార్ట్‌మెంట్లు, అటు రేకుల ఇళ్ళు. కిందటేడు ఈ రెండు వైపులవాళ్ళూ రాళ్ళు రువ్వుకున్నారు. ఒక ప్రాణం పోయింది. ఆ తర్వాతే ఈ డబ్బా కెమెరాల పని మొదలైంది. ఇటు పిల్లలు, అటు పిల్లలు, ఈమధ్యే వలస వచ్చి ఇంకా భాష పట్టుబడని ఇద్దరు. మొదటి వారమంతా ఒకరు పట్టుకున్న డబ్బా ఇంకొకరు పట్టుకోలేదు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా మేడమ్," అన్నాడు నిచ్చెన. పొడుగ్గా ఉంటాడని ఆ పేరు. అపార్ట్‌మెంట్ల కుర్రాడు. "దారినపోయేవాళ్ళని రానిస్తే ఇంతే. ఈయనకి పని లేదు, మనకి పని మిగల్చడు."

నలుగురు కిసుక్కుమన్నారు.

టీచర్ నవ్వలేదు. "రేపట్నుంచి ఈ చుట్టుపక్కల కనబడితే పోలీసుల్ని పిలుస్తాను. నడవండి!"

 తాత టోపీ సర్దుకుని నడిచాడు. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగాడు. చూసింది టీచర్ని కాదు, పిల్లల్ని.

"అయిపోయిందా?"

అందరూ అటు తిరిగారు. వెల్డర్ కూతురు. రేకుల ఇళ్ళ పిల్ల. నెల రోజుల్లో పట్టుమని పది మాటలు ఆడలేదు. ఇప్పుడు ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమిటే అయిపోయేది?"

"మీ తిట్లు. తలుపు తీసింది నేను."

టీచర్ ఆ పిల్ల దగ్గరికి వచ్చింది.

"ట్రే కదుపుతూ ఉండమని నన్ను లోపల పెట్టి మీరు నీళ్ళకి వెళ్ళారు. ఆ మందు ఘాటుకి ఊపిరాడలేదు. తీసేశాను. తాత పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మెట్ల మీద పడి తల పగిలేది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పబోయాను. 'నువ్వు ఊరుకో తల్లీ' అన్నాడు."

"ఎందుకు?"

ఆ పిల్ల నిచ్చెన వైపు వేలు చూపించింది. "నేనని తెలిస్తే వీళ్ళేమంటారు? రేకులిళ్ళవాళ్ళు కావాలనే చేశారంటారు. మావాళ్ళు ఊరుకుంటారా? మళ్ళీ రాళ్ళే."



టీచర్ కోపం తగ్గలేదు. తిరిగి తిరిగి తన మీదికే వచ్చింది.

మర్నాడు తాత రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు ఆమె వార్డు ఆఫీసుకి వెళ్ళింది. గది తాళంచెవి ఇచ్చిన గుమాస్తాకి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు.

"టోపీ పెద్దాయనా? ఊరొదిలి వెళ్ళిపోయారు మేడమ్. కూతురి దగ్గరికట. ఎక్కడో చెప్పలేదు. గది మాత్రం పిల్లలకే ఉంచమన్నారు."

"ఉంచమనడానికి ఆయనెవరు?"

"గది ఆయనదేగా. కొడుకు ఫొటో స్టూడియో అది. కిందటేడు గొడవలో రాయి తగిలి పోయింది ఆ అబ్బాయే."

టీచర్ బల్ల మీద చరిచింది.

"ఈ ముక్క నాకు ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఆయన గదిలోంచి ఆయన్నే గెంటించారు నాతో!"

"చెప్పొద్దన్నారు." గుమాస్తాకీ కోపం వచ్చింది. "చెబితే మీరు కుర్చీ వేసి కూర్చోబెడతారు, ఆయన్ని చూసి పిల్లలు బిక్కచచ్చిపోతారు, అన్నారు. గెంటింది మీరు. మధ్యలో నన్నంటారేం?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు అడిగింది.

"ఆ రాయి విసిరిందెవరో తేలిందా?"

"పెద్దాయన అప్పుడు కొడుకు పక్కనే ఉన్నారు. కళ్ళారా చూశారు. పోలీసులు పదిసార్లు పిలిపించినా, 'నా కళ్ళు సరిగా ఆనవు' అన్నారంతే."

గుమాస్తా గొంతు తగ్గించాడు.

"ఎవరని నన్నడక్కండి మేడమ్, నేను చెప్పను. మీ పదకొండు మంది పిల్లల్లో ఒకడి పేరు మాత్రం, ఇక్కడికొచ్చి ఆయనే దగ్గరుండి మీ జాబితాలో రాయించి వెళ్ళారు."