వెనక గేటు

“ముందుగాల ఈ తాళం తీయున్రి మేడం. మిగిలింది తర్వాత మాట్లాడుదాం.”

టౌన్ ప్లానింగ్ అధికారి జగదీశ్వర్ వెనక మెట్ల కింద గేటు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. పొద్దుటి నుంచి అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో హాస్టళ్ల మెట్లు ఎక్కి దిగి మోకాళ్లు పట్టేశాయి. ఎక్కడికి పోయినా అదే ఇనుప గేటు, అదే తాళం, అదే బతిమాలుడు.

“తీస్తే నా హాస్టల్ ఖాళీ అయితది సార్,” అంది రాజకుమారి. ఈ అమ్మాయిల హాస్టల్ ఆమెదే. “జర అర్థం చేసుకోండ్రి. తాళంచెవి ఈ పక్కనే మేకుకు తగిలిస్త.”

“పొగల మేకు కనబడతదా?”

ఆమె మేకు వైపు చూసింది. పోయిన వారం నారాయణగూడ వైపు ఒక హాస్టల్లో మీటర్ల బోర్డు అంటుకుంది. ముందు మెట్ల నిండా పొగ. వెనక మెట్లకు తాళం. తాళంచెవి కొంగున కట్టుకుని వార్డెన్ కూరగాయలకు పోయింది. అమ్మాయిలు గేటు ఊచలకు మొహాలు ఆనించి గాలి కోసం అల్లాడుతుంటే గల్లీవాళ్లు వచ్చి రాళ్లతో తాళం పగలగొట్టారు. ఒక అమ్మాయి ఇంకా ఆస్పత్రిలోనే ఉంది.

ఆ తర్వాతే ఆఫీసులో మీటింగ్ పెట్టి కొత్త నిబంధన తెచ్చారు. ఏ హాస్టల్లోనూ వెనక మెట్లకు తాళం ఉండకూడదు, లోపలి నుంచి తీసుకునే గడియ మాత్రమే ఉండాలి. అమ్మాయిల హాస్టళ్లకు మినహాయింపు ఇద్దామని ఇద్దరు ముగ్గురు గొణిగారు. “పొగకు ఆడా మగా తెలుస్తదా?” అని బల్ల గుద్ది వాళ్ల నోళ్లు మూయించింది జగదీశ్వరే. బల్ల గుద్దినందుకు ఈ తిరుగుడంతా ఆయన నెత్తినే పెట్టారు.

“గడియ ఉంటే బయటోళ్లు రాలేరు గదా మేడం. ఇంకేం భయం?”

“బయటోళ్లు వస్తరని కాదు సార్.” రాజకుమారి గొంతు తగ్గించింది. “లోపలోళ్లు పోతరని. తండ్రుల భయం అది. ఈ తాళం నేను కొన్నది గూడ కాదు. ఒక తండ్రి కొనుక్కొచ్చి, ఇది వేస్తేనే బిడ్డను చేర్పిస్త అన్నడు.”

“ఎవరాయన?”

పై మెట్ల మీద పుస్తకం పట్టుకుని నిలబడ్డ అమ్మాయి తల దించుకుంది.

“మా నాయన సార్,” అంది. పేరు రేణుక. గ్రూప్స్‌కు చదువుతోంది. పరీక్ష వచ్చే నెలే. “తాళం తీసిన్రని తెలిస్తే రేపే వచ్చి తీస్కపోతడు. ఇంటికి పోతే నా చదువు అయిపోయినట్టే. ఈ ఒక్క నెల ఉండనియ్యున్రి సార్.”

“తాళంతోనా?”

“తాళంతోనే. పొగ వస్తదో రాదో. నాయన మాత్రం తప్పకుంట వస్తడు.”

జగదీశ్వర్‌కు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగల్లేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. “మీ నాయన నంబర్ చెప్పమ్మా,” అన్నాడు.

అవతల రేణుక తండ్రి కనకయ్య పొలం దగ్గర ఉన్నట్టున్నాడు. మోటారు చప్పుడు మీద నుంచి అరిచినట్టే మాట్లాడాడు. “తాళం తీస్తే నా బిడ్డను తోల్కపోత సారూ. పట్నంల ఆడపిల్ల. ఏమన్న అయితే జిమ్మేదారి ఎవలది?”

“తాళం వేసినంక ఏమన్న అయితే ఎవలది కనకయ్యా?”

నారాయణగూడ సంగతి చెప్పాడు. ఊచలకు ఆనించిన మొహాల సంగతి కూడా దాచకుండా చెప్పాడు. అవతల మోటారు ఆగింది.

“నాక్కూడ ఒక బిడ్డ ఉంది. హన్మకొండల హాస్టల్‌ల ఉండి చదువుతది. నీ భయం నాకు తెల్వదా?” జగదీశ్వర్ గొంతు మెత్తబడింది. “పెంచినోళ్లం మనమే. మన పిల్లల్ని మనమే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతరు చెప్పు.”

“మీరు గూడ బిడ్డ ఉన్న తండ్రి,” అన్నాడు చివరికి కనకయ్య. “మీ మాట మీద ఊకుంటున్న. తీసెయ్యున్రి. పరీక్ష అయ్యేదాంక దాన్ని మంచిగ చదువుకోమనున్రి.”

రేణుక చున్నీతో కళ్లు తుడుచుకుని గబగబా పైకి వెళ్లిపోయింది. రాజకుమారి తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది. జగదీశ్వర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏడు లీవర్లది. గట్టి తాళం. ఇది రాళ్లకు పగలదు.”

“తాళాల సంగతి మీకు బాగనే తెలుసు సార్.”

“ఇవే చూసుకుంట తిరుగుతున్న గదా,” అని దాన్ని సంచిలో వేసుకున్నాడు.

నారాయణగూడ చౌరస్తాకు వచ్చేసరికి చీకటి పడింది. హోటల్లో కుర్చీ కనిపిస్తే కూలబడి చాయ్ చెప్పాడు. కాళ్లు లాగుతున్నాయి. రేపు మళ్లీ విద్యానగర్ వైపు పోవాలి, మళ్లీ ఇవే మెట్లు, ఇవే మాటలు. అయినా ఒక పిల్ల చదువు నిలబడింది, అది చాలు ఇవాళ్టికి అనుకున్నాడు.

చాయ్ వచ్చేలోపు ఫోన్ తీసి హన్మకొండకు చేశాడు.

“తిన్నవా సంయుక్తా?”

“ఇంక లేదు నాన్నా. ఇప్పుడే రూముకొచ్చిన.”

“చీకటి పడ్డంక వచ్చినవా?”

“లైబ్రరీల లేటయింది నాన్నా.”

“సరే, తిని పండుకో. వార్డెన్ మేడం ఉంటే ఒకసారి ఫోన్ ఇయ్యి.”

చాయ్ వచ్చింది. ఆయన దాన్ని పక్కకు జరిపి, అవతల మేడం గొంతు వినపడగానే నెమ్మదిగా అడిగాడు.

“వెనక గేటుకు నేను కొనిచ్చిన తాళం వేసిన్రు గదా మేడం?”