నాలుగు వైపులా మూసిన బండి

బెంజమిన్‌కి భార్య మీద ఒక్కటే ఫిర్యాదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆడిన ఒక్క అబద్ధానికీ కృపాకుమారి వత్తాసు పలకలేదు. పోనీ అడ్డం పడుతుందా అంటే అదీ లేదు. తల వంచుకుని తన చెప్పులకేసి చూసుకుంటుంది. అంతే. దానికంటే నలుగురిలో నిలదీసినా నయం.

ఆ పూట కొడుకుతో సహా ముగ్గురూ గుడివాడలో ఉన్నారు. పాత బండ్లు వాళ్ళుండే బందరులోనూ దొరుకుతాయి. కానీ అక్కడ కొంటే చర్చి సంఘంలో సగంమంది టైర్లు తన్ని చూడ్డానికి వస్తారు. అందుకని ఇంత దూరం వచ్చి జమీర్ షెడ్డులో తేలారు.

"దేనికండీ బండి?" అడిగాడు జమీర్.

బెంజమిన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మంగినపూడిలో కొత్త ఆట వచ్చిందిలెండి. పలక మీద నిలబడి, తెరచాప పట్టుకుని, గాలికి సముద్రం మీద పోవడం. ఆ సామాను మోయాలి. మా అబ్బాయికి."

అబ్బాయి ఉదయ్ కిరణ్ ఫోన్లోంచి తలెత్తలేదు. పొద్దున బయల్దేరేటప్పుడే "నేనెందుకు నాన్నా?" అని గొణిగాడు. "నువ్వు లేకపోతే ఎలారా!" అని తండ్రి లాక్కొచ్చాడు.

"పొడుగెంతుంటుందండీ?"

బెంజమిన్ రెండు చేతులూ చాపి, చాలక, ఆగిపోయాడు.

"పలక ఎనిమిదిన్నర అడుగులు," వెనకనుంచి కృపాకుమారి అంది. "తెరచాప కర్ర రెండు ముక్కలవుతుంది. చేత్తో పట్టుకునే వంపు కర్ర ఆరడుగులు. అది విడదు."

"అమ్మగారికి అంతా తెలుసే!"

"తల్లి కదండీ," అన్నాడు బెంజమిన్ గబుక్కున.

కృపాకుమారి చెప్పులకేసి చూసుకుంది.

జమీర్ మొదట ఒక కారు చూపించాడు. పైన క్యారియర్ బిగిస్తే సరిపోతుందన్నాడు. "నెత్తిన పెట్టుకుని ఊరేగమంటారా?" అన్నాడు బెంజమిన్. రెండోది వెనక తొట్టి తెరిచి ఉన్న చిన్న ట్రక్కు. కృపాకుమారి దాని అంచు మీద అరచెయ్యి వేసి నిమిరింది.

"ఇది బాగుందండీ. తడి సామాను, గాలాడాలి. మూసిపెడితే ఉప్పునీళ్ళకి గుడ్డ ముక్కిపోతుంది."

బెంజమిన్ కళ్ళు అప్పటికే మూడోదాని మీద ఉన్నాయి. నాలుగు వైపులా మూసిన వ్యాను. లోపల ఏనుగున్నా తెలీదు.

ఆయన భయం ఆయనది. వచ్చే నెల సంఘం ఎన్నికల్లో కార్యదర్శిగా నిలబడుతున్నాడు. పరువుగల మనిషి. భార్య పుట్టిల్లు జాలర్ల ఊరు గిలకలదిండి అని కూడా చెప్పడు, అడిగితే "బందరే" అనేస్తాడు. ఇన్నాళ్ళూ ఆ సామాను అద్దె ఆటోలో వెళ్తుంటే, దారిలో అడిగినవాళ్ళందరికీ షామియానా అని చెప్పాడు. గుడ్డా కర్రలూ ఉన్నాయి కదా. పలక సంగతి అడిగితే, వేదిక బల్ల అన్నాడు.

"వ్యానే ఖాయం చెయ్యండి."

"వందనాలు బెంజమిన్ గారూ!"

బెంజమిన్ వెనక్కి తిరిగాడు. దైవాధీనం గారు. సంఘ పెద్ద. పాత స్కూటరు అమ్ముకోవడానికి వచ్చారట. ఆయనా బందరు కళ్ళు తప్పించుకునే వచ్చినట్టున్నారు.

"షామియానాకి బండి కూడా కొంటున్నారా! దేవుడికి స్తోత్రం. నిన్ననే కమిటీలో అనుకున్నాం. ఈ ఆదివారం స్త్రీల కూడిక మీ షామియానా కిందే. నూటయాభై మంది."

ఆ గుడ్డ కింద ఇద్దరు కూర్చుంటే మూడోమనిషికి ఎండే.

"అది... షామియానా కాదండీ. ఆట సామాను. సముద్రం మీద ఆడేది. మావాడిది."

"ఓస్, దానికింత దాపరికం దేనికండీ?" దైవాధీనం గారు నవ్వేశారు. "ఏం అబ్బాయ్, నీళ్ళ మీద నిలబడతావా? ఎలా నిలబడతారో కాస్త చెప్పు, వింటాను."

ఉదయ్ కిరణ్ ఫోను జేబులో పెట్టాడు. తండ్రిని చూశాడు. తల్లిని చూశాడు.

కృపాకుమారి తల వంగే ఉంది. ఆ తల అలా వంగడం బెంజమిన్ ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నాడు. ఆవిడ సిగ్గుపడుతున్నది తనని చూసేనని ఆ షెడ్డులోనే మొదటిసారి తట్టింది.

"జమీర్ గారూ, వ్యాను వద్దు. ఆ తెరిచిన బండే ఇవ్వండి."

తర్వాత దైవాధీనం గారి వైపు తిరిగాడు.

"తప్పు నాదేనండీ, వీడికి మోకాలి లోతు నీళ్ళన్నా భయం, ఆ తెరచాప పట్టుకుని సముద్రం మీద నిలబడేది మా ఆవిడ."