పొడుగు చేతుల జాకెట్టు

"ఇంత ఎండలో పొడుగు చేతుల జాకెట్టేటే అమ్మమ్మా? మొకమ్మీదున్నవి ఊరంతా సూసీసింది. ఇంక సేతులు దాసి ఏటి లాభం?"

"ఈ ఒక్కపూటకీ తొడుక్కోయే. నా మాట ఇను," అంది లక్ష్మణమ్మ, మనవరాలి కళ్ళలోకి చూడకుండా.

పద్మకుమారి విసుక్కుంటూనే తొడుక్కుంది. పదేళ్ళ వయసులో అమ్మవారు పోసి, ఆ పిల్ల మొహమంతా గుంటలు చేసి పోయింది. అప్పట్నించీ పన్నెండేళ్ళుగా ఆ మొహం ఎదురైతే చాలు, లక్ష్మణమ్మ చూపు నేల మీదికి జారిపోతుంది. కూతురు పోయాక గుండెల మీద పెట్టి పెంచిన పిల్ల. మోకాలు గీరుకుపోతే పిల్ల కన్నా ముందు తానే ఏడ్చేదని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

లక్ష్మణమ్మ ముప్ఫయ్యైదేళ్ళు నర్సుగా చేసింది. ఆమదాలవలస మిల్లువీధిలో సగంమందికి ఆవిడే పురుడు పోసింది, మిగతా సగానికి చీవాట్లు పోసింది. రిటైరయింది గానీ టైరవ్వలేదు. అలాంటి మనిషి మూడు రోజులుగా గడప దాటలేదు.

కారణం మశూచి టీకాలు. అరవై ఎనిమిది మే నెల. పక్కవీధిలో రెండు గుమ్మాలకి, అమ్మవారు పోసిందని గుర్తుగా, వేపమండలు కట్టేశారు. హెల్తు ఇనస్పెక్టరు భీమశంకరరావు మందూ సూదులూ పట్టుకుని మిల్లువీధికొస్తే తలుపులు మూసుకున్నాయి, నోళ్ళు తెరుచుకున్నాయి. ఆయన టీకా అన్నాడు, వాళ్ళు తాత్పర్యం చెప్పారు. వీధి మొత్తానికీ తాత్పర్యం ఒక్కటే.

"నర్సమ్మ మనవరాలికే పోసీసింది గదా! టీకా ఎయ్యకుండా ఒగ్గీసుంటాదేటి ఆవిడ? ఇంక మాకెందుకు బాబూ!"

నిన్న సాయంత్రం ఆయన వచ్చి లక్ష్మణమ్మ అరుగు మీద కూలబడ్డాడు.

"ఈ మందు ఎండకి సావదా నాయనా?" అని అడిగింది ఆవిడ.

"చావదమ్మా. ఇప్పుడు పొడి వస్తోంది. అప్పటికప్పుడు కలుపుకోవడమే."

"మా రోజుల్లో నీళ్ళమందు. ఎండలో బండి మీదొచ్చీసరికి బతికుందో సచ్చిందో ఏసేవోళ్ళకీ తెలిసేది కాదు. ఆ మాటే సెప్పకపోయినావా?"

"చెప్పాను. 'అప్పుడూ మంచి మందే అన్నారు, ఇప్పుడూ అదే అంటన్నారు' అని నవ్వారు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎర్రన్న ఇంట్లో మూడు నెలల పిల్లాడున్నాడమ్మా. వాళ్ళ పెరటిగోడకి అవతలిల్లే వేపమండలు కట్టిన ఇల్లు."

లక్ష్మణమ్మ పక్కవీధి వైపు చూసింది.

"రేపు పొద్దున్న నేనొస్తాను," అంది చివరికి.

ఇదిగో, వచ్చింది. పక్కన పద్మకుమారి, వెనక ఇనస్పెక్టరు. ఎర్రన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మిల్లులో బస్తాలు మోసే మనిషి, గుమ్మం నిండిపోయింది.

"నీ సేతుల్లో పుట్టినోణ్ణి నర్సమ్మా, నీ మాట కాదన్ను. కానీ నువ్వే సెప్పు. ఈ పిల్ల మొకం సూసి కూడా నా గుంటడికి ఎయ్యించమంటావేటి?"

ఎదురరుగు మీంచి ముసలి దాలయ్య అందుకున్నాడు. "సూది గుచ్చితే అమ్మోరికి కోపమొస్తాదిరా. ఆ కోపమే ఆ పిల్ల మొకాన ఉన్నాది."

"అమ్మోరి కోపం కాదు దాలయ్యా, నా పాపం," అంది లక్ష్మణమ్మ. "దీనికి నేను టీకా ఎయ్యలేదు."

దాలయ్య అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఊరందరి పిల్లలకీ ఏసినాను. దీని వంతొచ్చీసరికి సెయ్యి రానేదు. ఏడుస్తాదని ఒగ్గీసినాను. పుస్తకంలో మాత్రం ఏసినట్టు రాసీసినాను."

పద్మకుమారి నోరు తెరిచింది. అమ్మమ్మ వేళ్ళు ఆమె మణికట్టు మీద బిగుసుకున్నాయి. తెరిచిన నోరు మూసుకుంది.

"మా పిల్లల్ని ఏడిపించినావు, నీదాన్ని దాసుకున్నావు! నువ్వూ ఒక నర్సువేనేటి?" దాలయ్య తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇన్నాళ్ళూ నిన్ను దేవతనుకున్నాను," అన్నాడు ఎర్రన్న.

"ఇకనించి అనుకోకురా."

తలుపు వెనకనించి ఎర్రన్న పెళ్ళాం భాగ్యవతి పిల్లాణ్ణెత్తుకుని వచ్చింది. "అయితే టీకా ఎయ్యకపోబట్టే ఆ పిల్లకి పోసిందన్నమాట! అడ్డు లెగవయ్యా నువ్వు! బాబూ, ముందు మావోడికెయ్యండి."

పిల్లాడు కేరుమన్నాడు. ఆ కేకకి ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. మధ్యాహ్నానికి మిల్లువీధి మొత్తం చొక్కాలు మడిచి వరస కట్టింది. చివరికి దాలయ్య కూడా, గొణుక్కుంటూనే, చెయ్యి చాపాడు.

లక్ష్మణమ్మకి మాత్రం ఎవరూ పీట వెయ్యలేదు. మంచినీళ్ళిమ్మంటే ఒకావిడ, లక్ష్మణమ్మ చేతుల్లోనే పుట్టినావిడ, మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

"అంత పని చేశారా అమ్మా?" అన్నాడు భీమశంకరరావు, పెట్టె మూస్తూ.

"సేసినాను నాయనా. నువ్వు పైవీధికి పో, పొద్దెక్కిపోతన్నాది."

ఇద్దరూ ఇంటికొచ్చారు. వాకిట్లో లక్ష్మణమ్మ ఆగింది.

"కోపమొచ్చిందేటే?"

"వచ్చింది."

"తప్పు నాదేగదే తల్లీ."

పద్మకుమారి నూతి దగ్గరకెళ్ళి, చెమటకి తడిసి అంటుకుపోయిన జాకెట్టు చేతిని భుజందాకా పైకి లాక్కుని, చేద అందుకుంది.

ఎడమ జబ్బ మీద, అమ్మమ్మ వేసిన టీకా మచ్చలు రెండూ అలాగే ఉన్నాయి.