టీలో ఏం కలిపావు?

“ఇందులో ఏం కలిపావు?”

టీ గ్లాసు మీంచి కళ్ళెత్తకుండానే అడిగాడు సత్తిబాబు. నాగదుర్గ పొయ్యి దగ్గర్నించి గిరుక్కున తిరిగింది.

“పంచదారండీ. ఇంకేం కలుపుతాను?”

నిజమే చెప్పింది. అసలు భయమే అది. ఏలూరు డాక్టరుగారు రాసిచ్చిన చుక్కల మందు అయిపోయి వారమైంది. మాత్ర అంటేనే విసిరికొట్టే మొగుడికి తెలియకుండా రోజూ టీలో నాలుగు చుక్కలు వేసేది. ఆ చుక్కలు కడుపులో పడ్డాకే చేపల చెరువు గట్టు మీది నీళ్ళ మోటారు అతన్ని పేరు పెట్టి పిలవడం మానేసింది. విషం పెట్టారంటూ కంచాలు గిరాటెయ్యడం ఆగింది. ఇప్పుడు మళ్ళీ మొదలా?

కొత్త సీసా తెమ్మంటే తమ్ముడు ఫణికిరణ్ “పరీక్షలక్కా, ఆదివారం తెస్తా” అంటాడు. ఈ మనిషిని వదిలేసి తను బస్సెక్కలేదు.

“ముందు నువ్వు తాగు.” గ్లాసు ఆమె ముందుకు తోశాడు.

ఒక గుక్క తాగింది. అతని చూపు కదల్లేదు. ఇంకో గుక్క తాగింది.

“ఏమీ లేదా?”

“మీ మీద ఒట్టండీ.”

“మరి ఇదేంటి?”

చొక్కా జేబులోంచి ఖాళీ మందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పొయ్యి వెనక పిడకల్లో తను దాచిందే. ఇక ఈయన తన చేతి మంచినీళ్ళు కూడా ముట్టడు. నాగదుర్గ గుమ్మం ఎంత దూరమో ఓరకంట చూసుకుంది.

“ఎక్కడికి పోతావు? కూర్చో. ఎప్పట్నించి పోస్తున్నావు?”

“వినాయక చవితి నుంచండీ.”

“నాకు దసరాకే తెలుసు. చుక్కలు లెక్కపెట్టేటప్పుడు నీ పెదాలు ఆడతాయి.”

తెలిసీ ఇన్నాళ్ళూ తాగాడా?

సత్తిబాబు చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది. ఈసారి మూత తియ్యని కొత్త సీసా వచ్చింది. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

“నిన్న చేపల మేతకి ఏలూరు వెళ్ళినప్పుడు పాత సీసా చూపించి తెచ్చాను. తొందరగా వెయ్యి, దుర్గా. పొద్దుట్నించీ మోటారు మళ్ళీ పిలుస్తోంది.”